కొత్తిమీర కట్ట

మగవాడు చెప్పులేసుకుని వీధిలోకి వెళ్తుంటే ఎవరూ ఏమీ అనుకోరు. "అలా తిరిగొస్తా" అంటాడు, వెళ్ళిపోతాడు. ఆ 'అలా' అంటే ఎలాగో, ఎక్కడికో ఇంట్లో ఎవరూ అడగరు. అదే ఆడది గడప దాటాలంటే ఓ పని ఉండాలి. గుడికి, బడికి, కూరలకి, పేరంటానికి, పిండిమరకి. చేతిలో సంచీ అయినా ఉండాలి, పూలబుట్ట అయినా ఉండాలి. వట్టి చేతులూపుకుంటూ, ఏ పనీ లేకుండా, నాలుగైదు మైళ్ళు నడిచి వచ్చే ఆడమనిషిని మీ వీధిలో ఎప్పుడైనా చూశారా? చూస్తే ఏమనుకున్నారు? నిజం చెప్పండి. "పాపం, ఇంట్లో ఏదో గొడవై ఉంటుంది" అనుకోలేదూ?

ఈ వంకల జబ్బు మనకొక్కళ్ళకే కాదు లెండి. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ 1927లో ఓ వ్యాసం రాసింది. చలికాలం సాయంత్రం పూట లండను వీధుల్లో తిరగాలని ఆవిడ కోరిక. ఊరికే తిరగడానికి మనసొప్పక, పెన్సిలు కొనుక్కోవాలని ఓ వంక పెట్టుకుని బయలుదేరుతుంది. సగం ఊరు తిరిగి, చివరికి ఆ పెన్సిలేదో కొనుక్కుని ఇల్లు చేరుతుంది. బి.ఎ.లో ఉండగా అది చదివి నవ్వుకున్నాను. ఇంత పెద్ద రచయిత్రికి వీధిలోకి వెళ్ళడానికి పెన్సిలు అడ్డం కావలసి వచ్చిందా అని. పాతికేళ్ళు తిరిగేసరికి నాకూ ఓ పెన్సిలు కావలసి వచ్చింది. నా పెన్సిలు పేరు కొత్తిమీర కట్ట.

మేముండేది హైదరాబాద్ కొండాపూర్‌లో, పద్నాలుగో అంతస్తులో. ఇప్పుడు హైటెక్ సిటీ అనీ, సైబరాబాద్ అనీ పిలుచుకునే ఈ ప్రాంతమంతా ఒకప్పుడు రాళ్ళూ, చెరువులూ, ముళ్ళపొదలూ, వాటి మధ్య చిన్న చిన్న పల్లెలూ. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక రాళ్ళు పోయి అద్దాల మేడలు లేచాయి. అప్పట్లో మా క్లాసు పిల్లలంతా అమీర్‌పేటకి పరిగెత్తి కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటుంటే నేను మాత్రం కాలేజీ లైబ్రరీలో నవలలు చదువుతూ కూచున్నాను. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఈ కంప్యూటర్ల ఊళ్ళో పడేశాడు భగవంతుడు. మావారు కంప్యూటరు మనిషి మరి! ఆయన ఆఫీసు మాదాపూర్‌లోనే ఉన్నా, దాని గడియారం మాత్రం అమెరికాలో ఉంది. నాకు తెల్లవారే వేళకి ఆయనకి పొద్దుగూకుతుంది. ఫ్రిజ్ తలుపు మీద చీటీలు అంటించుకుంటూ కాపురం చేసే దంపతులు ఈ చుట్టుపక్కల మేమొక్కళ్ళమే కాదు. అబ్బాయి వేరే ఊళ్ళో హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు, చార్జింగు అయిపోయేదాకా మాట్లాడతాడు. ఎప్పుడు చేసినా వాడి ఫోన్లో చార్జింగు మూడు నిమిషాలకే ఉంటుంది.

మా అమ్మ ఆఖరి ఆరేళ్ళూ నా దగ్గరే ఉంది. నేను రాసిన ప్రతి కాగితమూ మొదట ఆవిడే చదివేది. ఆవిడ విమర్శ కూడా ఒక్కటే. "ఆ పిల్లకి కాస్త అన్నం పెట్టవే, నాలుగు ప్రకరణాల నించీ ఏడుస్తూనే ఉంది" అనేది. మూడేళ్ళ కిందట ఆవిడ వెళ్ళిపోయింది. పెద్ద వయసే, పెద్దగా బాధపడకుండానే పోయింది. వచ్చినవాళ్ళంతా "అదృష్టవంతురాలు" అన్నారు. నేనూ తలూపాను. పదకొండో రోజు వెళ్ళింది, పన్నెండో రోజు వెళ్ళింది, చుట్టాలు వెళ్ళారు, ఇల్లు కడుక్కున్నాం. ఆ తర్వాత మొదలైంది నాకు.

ఏం మొదలైందని అడిగితే చెప్పడం కష్టం. ఏడుపైతే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది ఏడుపు కాదు. పొద్దున్న కళ్ళు తెరిస్తే లేవడానికి కారణం కనపడేది కాదు. తలంటుకోవాలని అనుకుంటూనే వారం గడిచేది. కుక్కర్ కూతలు లెక్కపెట్టలేక స్టవ్ ఆపేసి కూచునేదాన్ని. అప్పటికి సగం రాసిన నవల ఒకటుంది. దాన్లో నాయికని ఓ బస్ స్టాపులో నిలబెట్టి వదిలేశాను. ఆ అమ్మాయి అక్కడ ఎనిమిది నెలలు నిలబడింది. బస్సు రాలేదు. పిల్లని బస్సెక్కించే ఓపిక నాకు లేకపోయింది.

మనోవ్యాధికి మందు లేదంటారు. ఆ సామెత పుట్టేనాటికి లేదేమో గాని, ఇప్పుడుంది. మా ఆడపడుచు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాను. ఆయన మాత్రలు రాశారు, వారం వారం వచ్చి మాట్లాడమన్నారు. లేచి వస్తుంటే, "రోజూ కాస్త నడవండమ్మా" అన్నారు. కాస్త అంటే ఎంతో చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

నడక దిగులుకి పనిచేస్తుందన్నది బామ్మల మాట కాదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ పెద్ద పరిశీలన వచ్చింది. 218 ప్రయోగాలు, అందులో పాల్గొన్న 14 వేల పైచిలుకు మనుషులు. అంతా కలిపి చూస్తే నడక, పరుగు, యోగా, బరువులెత్తడం లాంటివి డిప్రెషన్‌ని చెప్పుకోదగ్గంతగా తగ్గిస్తున్నాయని తేలింది. అలాగని మాత్రల్ని చెత్తబుట్టలో పారేసి రోడ్డెక్కమని కాదు. నడక మందుకి సవతి కాదు, తోడికోడలు. ఇద్దరూ కలిసి వండితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

సరే, నడవాలి. కానీ ఏమని చెప్పి వెళ్ళాలి? తెల్లవారుజామున అయిదున్నరకి గేటు దగ్గర వాచ్‌మన్ "ఎక్కడికమ్మా?" అంటాడు. బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదన్న మన పాత ఆచారం వాచ్‌మన్లకి వర్తించదు. "కొత్తిమీరకి" అన్నాను, నోటికొచ్చింది. ఫ్రిజ్ మీద చీటీలోనూ అదే రాశాను. మా అపార్ట్‌మెంటు కిందే కొట్టుంది. ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చి గుమ్మంలో పెట్టిపోతారు. అయినా నేను కొత్తిమీర కోసం కొత్తగూడ చౌరస్తా దాకా వెళ్ళాను. వారానికి హైటెక్స్ కమాను దాకా వెళ్ళాను. నెల తిరిగేసరికి సైబర్ టవర్స్, శిల్పారామం. ఆ తర్వాత దుర్గం చెరువు. పోనూ రానూ పది కిలోమీటర్లు, పన్నెండు, ఒక్కోరోజు పదిహేను. మా ఇంట్లో కొత్తిమీర పచ్చడి, కొత్తిమీర కారం, కొత్తిమీర అన్నం, కొత్తిమీర రొట్టె. ఓ రోజు ఫ్రిజ్ మీద మావారి చీటీ కనపడింది. "మనింట్లో కుందేలు గాని పెంచుతున్నావా?"

మొదట్లో మా కాలనీ పార్కులోనే తిరిగి చూశాను. లాభం లేకపోయింది. గుండ్రంగా తిరుగుతుంటే గానుగెద్దులా నా దిగులు చుట్టూ నేనే తిరుగుతున్నట్టుండేది. దూరం నడిస్తే వేరు. మొదటి అరగంటా నా గోల నాదే. అమ్మకి ఆ రోజు పాలు వేడిచేసి ఇచ్చానా, చల్లగా ఇచ్చానా అన్నదాకా అంతా వస్తుంది. గంట దాటేసరికి కాళ్ళు తమ గోల ఎత్తుకుంటాయి. మడమ నొప్పి, దాహం, బూటులో గులకరాయి. గులకరాయి ముందు ఎంతటి దుఃఖమైనా కాసేపు పక్కకి తప్పుకుంటుంది. రెండో గంటలో ఎదుటి మనుషులు కనపడ్డం మొదలవుతారు. నాకు కావలసింది ఆ రెండో గంటే.

ఎంతమంది కనపడతారనుకున్నారు! ఈ అద్దాల మేడల ఊళ్ళో మనుషులే ఉండరనుకునేదాన్ని. తెల్లవారకుండానే ఆటోల్లోంచి బిలబిలమంటూ దిగే ఆడవాళ్ళు. ఆఫీసులు తుడిచేవాళ్ళు, బాత్‌రూములు కడిగేవాళ్ళు. చేతిలో టిఫిన్ డబ్బా, జడలో నిన్నటి పూలు. రాత్రి డ్యూటీ ముగించుకుని, మెడలో బిళ్ళ వేలాడేసుకుని, నిద్రకళ్ళతో హాస్టళ్ళకి పోయే ఆడపిల్లలు. వాళ్ళ రాత్రీ, వీళ్ళ పగలూ సైబర్ టవర్స్ దగ్గర ఎదురుపడతాయి. బిహారు నించో ఒరిస్సా నించో వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఊరంతటినీ కాపలా కాసే సెక్యూరిటీ కుర్రాళ్ళు. రోడ్లూడ్చే ఓ పెద్దావిడ నన్ను రోజూ చూసి చూసి, "షుగరా అమ్మా?" అంది. ఉందన్నాను. షుగరంటే జాలిపడతారు, దిగులంటే దారి మార్చుకుంటారు. "నడు, నడు. నడిస్తే తగ్గుతది" అంది ఆవిడ. అంతకంటే ఏ డాక్టరు మాత్రం ఏం చెప్తాడు?

ఆటోకయ్యే డబ్బు మిగులుతుందని రెండు కిలోమీటర్లు నడిచే ఆవిడ పక్కన, వేలు పోసి కొన్న బూట్లతో నేను. మొదట్లో సిగ్గేసేది. కానీ ఒకే రోడ్డు మీద ఒకే ఎండలో పడుతుంటే ఆ సిగ్గు కొంత కరిగి, పలకరింపుగా మారింది. దారి కూడా ఇద్దరికీ ఒకటే కష్టం పెట్టేది. ఇక్కడి ఫుట్‌పాత్ సినిమాలో అతిథి పాత్ర లాంటిది. దర్జాగా కనిపిస్తుంది, నాలుగడుగుల్లో మాయమైపోతుంది. ఓచోట ట్రాన్స్‌ఫార్మర్, ఓచోట మోటారు సైకిళ్ళు, ఇంకోచోట ఏకంగా టీ కొట్టు. బయోడైవర్సిటీ చౌరస్తాలో రోడ్డు దాటడమంటే వైతరణి దాటడమే. గోవు తోక కూడా దొరకదు.

దూరాలు నడవడం మనవాళ్ళకి కొత్త కాదు. అలిపిరి మెట్లు 3,550. అమ్మలూ అమ్మమ్మలూ ఎక్కినవే. ఇక్కడికి దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. అమెరికా వీసాల కోసం తిరిగే పిల్లలతో కిటకిటలాడుతుంటుంది. మొక్కు కూడా ఒకరకం కొత్తిమీర కట్టే అనిపిస్తుంది నాకు. కాశీయాత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసులో బయలుదేరి మన హైదరాబాద్ మీదుగానే వెళ్ళారు. పల్లకీలో. నడిచినవాళ్ళు బోయీలు, రాసింది పల్లకీలో కూచున్నాయన. వినోబా భావే అలా కాదు. 1951లో ఈ ఊరికి అవతలి వైపున్న శివరాంపల్లిలో సర్వోదయ సభలైతే, వార్ధా దగ్గర్నించి సుమారు మూడొందల మైళ్ళు నడిచి వచ్చారు. రైలు లేక కాదు. సభలయ్యాక కూడా నడుస్తూనే పోయి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. అక్కడే తొలి భూదానం, నూరెకరాలు. రైలెక్కినవాడికి పోచంపల్లి కనపడి ఉండేదా?

నాకు కనపడింది ఓ ఇడ్లీబండి. మాదాపూర్‌లో లేడీస్ హాస్టళ్ళ సందు మొగలో ఉంటుంది. అక్కడ రోజూ ఓ పిల్ల ఒంటరిగా నిలబడి టీ తాగుతుండేది. శ్రీకాకుళం అమ్మాయి. ఓ రోజు ఏమీ అనకుండా నా వెంట నడవడం మొదలుపెట్టింది. పది రోజులు అలాగే నడిచాం, మాటల్లేకుండా. పదకొండో రోజున "నేను బెంచీ మీద ఉన్నానాంటీ" అంది. నా అమాయకత్వం కొద్దీ ఏ పార్కులో అని అడిగాను. పని లేకుండా కూచోబెట్టి, ఇవాళో రేపో పొమ్మంటారేమోనని ఎదురు చూడ్డాన్ని బెంచీ అంటారట. ఇంట్లో చెప్పలేదు. నాన్న చెల్లెలి పెళ్ళి సంబంధాలు చూస్తున్నాడు. "గదిలో నలుగురం ఉంటామాంటీ. నాలుగు షిఫ్టులు. నలుగురం ఒక్కసారి మెలకువగా ఉండి నెలైంది" అంది.

మూడు వందల ఇళ్ళున్న అపార్ట్‌మెంటులో నేనూ, నాలుగు మంచాలున్న గదిలో ఆ పిల్లా. మా ఇద్దరికీ వయసులో ఇరవై ఏళ్ళ తేడా ఉంది గాని జబ్బు ఒక్కటే.

ఓ ఆదివారం దుర్గం చెరువు దగ్గర నిలబడ్డాం. 2020లో కట్టిన తీగల వంతెన మీద జనం ఫొటోలు తీసుకుంటున్నారు. కుతుబ్‌షాహీల కాలంలో ఈ చెరువు నీళ్ళే గోల్కొండ కోటకి వెళ్ళేవని చెప్పాను. "అంటే ఇక్కణ్ణించి గోల్కొండకి దారి ఉందన్నమాట!" అంది ఆ పిల్ల. నీళ్ళు వెళ్ళగా లేంది మనం వెళ్ళలేమా అనుకున్నాం. రాయదుర్గం, షేక్‌పేట, ఏడు గుమ్మటాలు. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లుంటుంది. అద్దాల మేడలు వెనకబడి, ఇరుకు సందులూ, మేకలూ, రొట్టెల బట్టీలూ వచ్చాయి. గుమ్మటాలు దాటుతుండగా, ఏం గుర్తొచ్చిందో, ఆ పిల్ల వలవలా ఏడ్చేసింది. నేను ఓదార్చలేదు. నడుస్తూనే ఉన్నాం. నడుస్తూ ఏడ్చేవాళ్ళని ఎవరూ ఆపి చూడరు. ఎదురెదురుగా కూచుని చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తుంటే చెప్పొచ్చునని ఆ రోజే తెలిసింది. ఎదుటిమనిషి కళ్ళలోకి చూడక్కర్లేదుగా! కోట దగ్గర చాయ్ తాగే వేళకి నేనూ మా అమ్మ గురించి చెప్పాను. అప్పటిదాకా డాక్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆటోలో తిరిగొచ్చాం, ఇద్దరం నిద్రపోతూ.

ఆ తర్వాత నాకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు నెమ్మదిగా ఇడ్లీబండి దాకా వెళ్తే, బండి ఆవిడ గరిటె పట్టుకునే కేకేసింది. "నాలుగు దినాల సంది యాడికి పోయినవక్కా? ఆ పిల్ల దినాం అడుగుతుంది నీ గురించి!"

మామూలు మాటే. కానీ నాకు కాళ్ళు కదల్లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను పావుగంట ఆలస్యంగా వస్తే బాల్కనీలోకి వచ్చి చూసేది. మనం రాకపోతే ఎక్కడో ఒకచోట లెక్క తగ్గాలి. ఆ చోటు పోవడాన్నే ఇన్నాళ్ళూ ఒంటరితనమని అనుకుంటున్నానన్నమాట. అది పద్నాలుగో అంతస్తులో కూచుంటే తిరిగొచ్చేది కాదు. రోజూ ఒకే దారిన, ఒకే వేళకి, కనపడుతూ పోతే మెల్లిగా దొరికింది. ఇడ్లీబండి దగ్గర ఒకటి, రోడ్లూడ్చే ఆవిడ దగ్గర ఒకటి, ఆ పిల్ల దగ్గర ఒకటి.

మర్నాడు నేను గేటు దాటుతుంటే మావారి క్యాబ్ లోపలికొస్తోంది. అద్దం దించి, "కొత్తిమీరకా?" అన్నారు.

"కాదు. ఊరికే. నడవడానికి" అన్నాను.

ఆయన ఓ క్షణం నా మొహంలోకి చూశారు. ఏదో అడగబోయి మానేసి, "మంచినీళ్ళ సీసా పట్టుకెళ్తున్నావా?" అన్నారు. అంతే. ఆ రోజు మా ఇంటికి కొత్తిమీర రాలేదు.

ఆ వారంలోనే నవల తీశాను. బస్ స్టాపులో నిలబడ్డ అమ్మాయి ఇంక బస్సు కోసం చూడ్డం మానేసి నడక మొదలుపెట్టింది. రెండు ప్రకరణాలు నడిచాక ఓ బండి దగ్గర ఆగి ఇడ్లీ తింది. మా అమ్మ ఉంటే సంతోషించేది.

నా మాట విని మీలో ఎవరైనా బయలుదేరేట్టయితే నాలుగు ముక్కలు చెప్తాను. మొదటి రోజే గోల్కొండ పెట్టుకోకండి. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోండి, చెప్పులకంటే బూట్లు నయం. ఎండాకాలం ఏడింటికల్లా ఇంట్లో పడండి. ఏ దారిన వెళ్తున్నారో ఒక్కళ్ళకైనా చెప్పి వెళ్ళండి. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకండి. డాక్టరు దాకా వెళ్ళలేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టిన ఉచిత సేవ. రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకడం దండగనిపించే రాత్రయితే ఆ ఫోన్ ముందు, నడక తర్వాత.

ఆ పిల్లకి ఇప్పుడు పుణేలో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు ఫోన్లో ఓ అంకె పంపిస్తుంది. 11 అనో, 14 అనో. అన్ని కిలోమీటర్లు నడిచిందన్నమాట. నా అంకె నేను పంపుతాను. బాగున్నావా అని ఇద్దరం అడుక్కోం.

నా దిగులు పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని పొద్దుటిళ్ళు బూట్ల లేసులు కొండంత బరువుంటాయి. అలాంటి రోజున గేటు దాకా వెళ్ళి, వాచ్‌మన్‌ని పలకరించి వచ్చేస్తాను. అంకె సున్నా అని పంపిస్తే, పుణే నించి వెంటనే ఫోన్ మోగుతుంది.